తోడుకు కాస్త పెరుగిస్తారా?

పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చాక గుర్తొచ్చింది, ఇంట్లో తోడు లేదని. హైదరాబాద్ మోతీనగర్‌లో అద్దెకు దిగి అప్పటికి రెండో రోజు. తెనాలి నుంచి తెచ్చుకున్న మూటల్లో ఆవకాయ జాడీ ఉంది, కందిపొడి ఉంది, బియ్యం ఉన్నాయి. చెంచాడు పెరుగు మాత్రం లేదు. కింద కిరాణా కొట్లో ప్యాకెట్ దొరుకుతుంది. చెప్పులు కూడా వేసుకున్నాను. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఎదురింటి తలుపు కొట్టాను.

పెద్దావిడ తీసింది. "తోడుకు కాస్త పెరుగు ఉందాండీ?"

"తోడుకా బిడ్డా, ఆగు" అంటూ లోపలికెళ్లి స్టీలు గిలాసలో అడుగున నాలుగు చెంచాల పెరుగు తెచ్చింది. తెచ్చి ఊరుకోలేదు. ఏ ఊరు, ఎందరుంటారు, ఏం చదివావు అని అడిగింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుందని, తెల్లారి ఐదింటికే బిందెలు నింపుకోవాలని చెప్పింది. పది నిమిషాలు గుమ్మంలోనే నిలబడ్డాం. ఈ నగరంలో నా మొదటి స్నేహం, మొదటి ఉద్యోగం రెండూ ఆ గిలాసతోనే మొదలయ్యాయి. ఉద్యోగం సంగతి కాసేపట్లో చెబుతాను.

కొత్త ఊరికి వచ్చినవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. ఎవరినీ ఏమీ అడగరు. అడిగితే చులకనైపోతామని, ఎదుటివాళ్లకు ఇబ్బందని అనుకుంటారు. అన్నీ ఫోన్లో తెప్పించుకుంటారు, దారి మ్యాప్‌లో చూసుకుంటారు, తలుపు వేసుకుంటారు. ఆర్నెల్లయ్యాక "ఈ ఊళ్లో మనుషులు కలవరండీ" అంటారు. కలవడానికి వాళ్లకు మనం ఒక్క అవకాశమైనా ఇవ్వాలి కదా! చిన్న సాయం అడగడమంటే ఆ అవకాశం ఇవ్వడమే. చెంచాడు పెరుగు, స్క్రూడ్రైవర్, పనిమనిషి ఫోన్ నంబరు, మంచి టైలర్ ఎక్కడున్నాడన్న సమాచారం లాంటివి చాలు. ఇచ్చినవాళ్లకు భారం ఉండదు, మనం గుర్తుండిపోతాం. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మన ఇళ్లలో అమ్మలు ఊరికే చెప్పలేదు. నేను ఆ గిలాసలో కందిపొడి పోసిచ్చాను. వారానికి అది సర్వపిండి ముక్కలతో తిరిగొచ్చింది. లెక్క తేలిపోకుండా అలా తిరుగుతూ ఉండటంలోనే ఇరుగుపొరుగుతనం ఉంది.

దూరం కూడా పెద్ద విషయమే. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల కుటుంబాలకు కట్టిన వెస్ట్‌గేట్ ఇళ్లలో లియోన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో పరిశీలించి 1950లో పుస్తకంగా వేశారు. పక్క తలుపు వాళ్లలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులమన్నారు. ఒక తలుపు దాటి అవతలివాళ్లలో అది 22 శాతానికి పడిపోయింది. అదే వరండాలో ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లలో 10 శాతమే. ఆ దూరమూ ఒక వరండా పొడవే! మెట్ల దగ్గర, ఉత్తరాల డబ్బాల దగ్గర ఇళ్లున్నవాళ్లకు పై అంతస్తు స్నేహితులు ఎక్కువ. రోజూ నలుగురి కంట పడ్డారు మరి. ఇల్లు వెతికేటప్పుడు గాలీ వెలుతురూ చూస్తాం, నీళ్లు చూస్తాం. మెట్లు, లిఫ్టు ఎక్కడున్నాయో కూడా చూడండి. మూలనున్న ఇల్లే దొరికిందా, అయితే మీరే మెట్ల దగ్గరికి రావాలి. సాయంత్రం పూట కూరగాయల బండి ఆగినప్పుడు పైనుంచి తాడు కట్టిన బుట్ట దించకుండా కిందికి దిగండి. బేరమాడే నలుగురి మధ్య నిలబడితే వారంలో ముఖాలు తెలుస్తాయి, నెలకు పేర్లు తెలుస్తాయి.

భాష దగ్గర ఒక మాట. మాదీ తెలుగే, ఇక్కడిదీ తెలుగే. అయినా మొదటి నెలలో నేను వెల్లుల్లి అంటే బండి అతను ఒక్క క్షణం ఆగేవాడు. ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, పల్లీలు, సల్ల అన్న మాటలు నోటికి తెచ్చుకున్నాను. యాసను అనుకరించమనడం లేదు. అనుకరణ ఎగతాళిలా వినిపిస్తుంది కూడా. వాళ్ల వస్తువులను వాళ్ల పేర్లతో పిలవండి, చాలు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి గునుగు, తంగేడు ఎలా పేర్చాలో చూపించింది. గునుగు కాడలు సమానంగా కోయాలట, లేకపోతే వరస ఒక పక్కకు ఒరిగిపోతుంది. నాది రెండుసార్లు ఒరిగింది. మూడోసారి ఆవిడ చేయి వేసింది. ఆ సాయంత్రం చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టినవాళ్లలో పదిహేను మంది మర్నాటి నుంచి నన్ను పేరుపెట్టి పిలిచారు.

ఇక ఉద్యోగం. ఇందులో తెలుసుకోవాల్సిన అసలు విషయాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చెప్పాడు. బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుంటారు? తరచూ కలుస్తామన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో గానీ కలవమన్నవాళ్లు 27.8 శాతం. అంటే ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయస్తులే ఎక్కువ పనికొచ్చారు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందిపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2022లో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ల కంటే కాస్త దూరపు పరిచయాలే ఉద్యోగానికి ఎక్కువ తోడ్పడుతున్నాయని అవీ చెప్పాయి.

కారణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. మన ప్రాణస్నేహితుడు మన లోకంలోనే ఉంటాడు. మనకు తెలిసిందే అతనికీ తెలుసు. మనకు కనబడని ఉద్యోగం అతనికీ కనబడదు. ముఖపరిచయస్తుడు వేరే లోకం నుంచి వస్తాడు, వేరే కబురు తెస్తాడు. అందుకే నగరానికి రాగానే "మనవాళ్లు" ఎక్కడున్నారని వెతుక్కుని, మన ఊరివాళ్ల, మన కులంవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే కాలం గడిపేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ గ్రూపులో రెండు వందల మంది ఉన్నా తిరిగే కబురు ఒకటే. కష్టానికి ఊరివాళ్లు కావాలి, నిజమే. కొత్త కబురు కావాలంటే మాత్రం ఆ గడప దాటాల్సిందే. పైగా ఈ నగరంలోనే "మీరేమిట్లు?" అని కులం అడిగి ఇల్లు ఇవ్వని ఓనర్‌ను నేను చూశాను. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలిసినవాళ్లం, అదే గీత మన చుట్టూ మనమే గీసుకోకూడదు.

పరిచయస్తుల్ని ఎలా అడగాలన్నది ఇంకా ముఖ్యం. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అన్న మాట ఎవరికీ పనికిరాదు. విన్నవాళ్లు "అలాగేనమ్మా" అంటారు, గుమ్మం దాటగానే మరిచిపోతారు. మోసుకెళ్లడానికి వాళ్లకు ఒక వాక్యం ఇవ్వాలి. నేను పెద్దావిడకు ఇలా చెప్పాను: "నాకు టాలీ వచ్చు. జీఎస్టీ రిటర్నులు వేస్తాను. తెనాలిలో రెండేళ్లు నూనె మిల్లు లెక్కలు చూశాను. బస్సు దూరంలో ఎక్కడైనా ఫర్వాలేదు." ఆవిడకు టాలీ అంటే ఏమిటో తెలియదు. అయినా మాట పొల్లుపోకుండా తన అల్లుడికి చెప్పింది. ఆయన తన ఆడిటర్‌తో అన్నాడు. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపొకటి నెల నెలా 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ వేయలేక అవస్థ పడుతోందని ఆడిటర్‌కు తెలుసు. నాలుగు నోళ్లు దాటినా ఆ వాక్యం చెదరలేదు. ఆ షాపులోనే నాకు ఉద్యోగం దొరికింది. ఏం చేయగలరు, ఎక్కడ చేశారు, ఏ వైపు కావాలి. ఈ మూడూ ఇమిడిన మీ వాక్యాన్ని ఈ రోజే కాగితం మీద రాసుకోండి. ఎలక్ట్రీషియనైనా, నర్సైనా, పైథాన్ నేర్చుకున్న పిల్లవాడైనా పద్ధతి ఇదే. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం. అక్కడా పేరు పెట్టుకోండి, ఆ వాక్యాన్నే మొదట రాయండి.

డబ్బు విషయంలో గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగం ఇస్తామంటూ ముందే రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అడిగారంటే లేచి వచ్చేయండి. లక్షలు తీసుకుని పెట్టిస్తామనే "బ్యాక్‌డోర్" ఉద్యోగాల జోలికి అసలు పోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదిలిరావద్దు. వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీకి నేను 2,500 రూపాయలు కట్టాను. మూడో రోజుకు ఫోన్ పలకలేదు. తరవాత ఆ పక్కనున్న టీకొట్టు అతనితో అంటే, "ఆ గదికి బోర్డు నెలకోటి మారుతుందక్కా" అన్నాడు. కట్టే ముందు అతన్ని అడిగి ఉంటే సరిపోయేది. ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

స్నేహానికి తొందర పనికిరాదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. దగ్గరి స్నేహానికి 200 గంటలు పైనే. రోజుకు పది నిమిషాల మాటలతో 50 గంటలు నిండటానికి పది నెలలు పడుతుంది. కాబట్టి రెండో నెలలోనే నిరాశపడకండి. రోజుకొక కొత్తచోటికి వెళ్లేకంటే ఒకే చోటికి ఒకే వేళకు వెళ్లడం మంచిది. అదే టీకొట్టు, అదే పార్కు, అదే బస్సు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి. ఎవరి కుర్చీ ఎక్కడో వాళ్లకు తెలుసు, ఒకరు రాకపోతే పక్కవాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారు. ఆ పిల్లల్లో చాలామంది దూరపు జిల్లాల నుంచి వచ్చి ఒంటరిగా గదుల్లో ఉంటున్నవాళ్లే.

తలుపు తీసిన ప్రతివాళ్లూ నవ్వరు. మా పై అంతస్తాయన ఏడాది వరకూ పలకరింపుకు తలూపి వెళ్లిపోయేవారు. ఆయన భార్య ఆసుపత్రిలో ఉన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరో ముఖం తిప్పుకున్నారని మీ తలుపు మూసుకోకండి. ఆ పక్క తలుపు కొట్టండి.

ఈ రాత్రి ఎలాగూ పాలు తోడు పెట్టాలి. కిరాణా కొట్టుకు వెళ్లకండి. గిన్నె తీసుకుని ఎదురింటికి వెళ్లండి.