డబ్బా మీద తేదీ

ప్రకాశం జిల్లాలో జామాయిల్ తోటలు, సుబాబుల్ తోటలు చాలా ఉన్నాయి. ఆ కర్ర కాగితం మిల్లులకు పోతుంది. మగవాళ్లు చెట్లు కోస్తారు. ఆడవాళ్లు బెరడు ఒలుస్తారు. ఒకప్పుడు గొడ్డలితో కొట్టేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల రంపం మిషను వచ్చింది. మిషను ఆగితే చెట్టు పడదు. చెట్టు పడకపోతే ఒలవడానికి బెరడు లేదు. ఆ రోజు కూలీ లేదు.

అలాంటి ఒక ముఠా కథ చదవండి.

వానలకు నెలన్నర పని ఆగింది. వానలు తెరిపిచ్చాక అందరూ క్యారేజీలు కట్టుకుని తోటకు పోయారు. మిషను తాడు లాగారు. అందుకోలేదు. మళ్లీ లాగారు. పదిసార్లు లాగాక అందుకుంది. రెండు చెట్లు కోసింది. గట్టిగా అరిచి ఆగిపోయింది. ఇక తాడు కదలలేదు.

మేస్త్రి భార్య మిషనును షెడ్డుకు తీసుకుపోయింది. మెకానిక్ కుర్రాడు విప్పి చూశాడు.

"పిస్టను పట్టేసింది పిన్నీ. ఈ పెట్రోలు ఎప్పుడు కలిపారు?"

"ఏమో నాయనా. వానలకు ముందు."

"వానలకు ముందు కలిపింది ఇప్పుడు పోశారా?"

"పెట్రోలు కూడా పాచిపోతుందా? అదేమన్నా కూరా?"

"పాచిపోతుంది పిన్నీ. కూరకు ఒక పూట. దీనికి ఒక నెల."

ఆ కుర్రాడు చెప్పింది నిజం. ఎందుకో చూద్దాం.

మోటారుసైకిలు ఇంజనులో ఆయిలు వేరేగా పోస్తాం. రంపం మిషనులో అలా ఉండదు. పెట్రోలులోనే టూ టీ ఆయిలు కలిపి పోయాలి. ఇంజను లోపల తిరిగే భాగాలకు ఆ ఆయిలే దిక్కు. అది అందకపోతే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. వేడెక్కి పట్టేస్తుంది.

పెట్రోలును ఊరికే ఉంచితే అందులోని తేలిక భాగం ముందుగా ఆవిరైపోతుంది. అందుకే పాత పెట్రోలుతో మిషను ఒక పట్టాన అందుకోదు. ఇంకా నిలవ ఉంటే జిగురు కడుతుంది. కార్బొరేటరులో సూది మొన అంత సన్నని రంధ్రాలు ఉంటాయి. జిగురు వాటిని మూసేస్తుంది.

ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలు ఒట్టి పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ కలుపుతారు. ఇథనాల్ అంటే చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకల వంటి వాటితో చేసే సారాయి లాంటిది. 2025 నాటికి మన దేశంలో 100 పాళ్లకు 20 పాళ్ల దాకా కలపడం వచ్చింది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుంది? ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఇథనాల్ కూడా అంతే. గాలిలో తడిని లాక్కుంటుంది. తడి ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి డబ్బా అడుగుకు దిగిపోతాయి. ఆయిలు పైన ఉన్న పెట్రోలులోనే ఉండిపోతుంది. మిషను పీల్చుకునేది టాంకీ అడుగు నుంచి. ఇక ఆయిలు ఎక్కడ అందుతుంది?

కాబట్టి కలిపిన పెట్రోలును నెల లోపల వాడేయాలి. మూత గట్టిగా బిగించాలి. నీడలో పెట్టాలి. ఎండలో పెడితే ఇంకా తొందరగా పాడవుతుంది. కొన్ని ఆయిలు డబ్బాల మీద ఇంకా ఎక్కువ రోజులు ఉంటుందని రాసి ఉంటుంది. రాసి ఉంటే చదవండి, అలాగే చేయండి. పాడైన పెట్రోలు పుల్లగా, వార్నీషులాగా వాసన వస్తుంది. కానీ వాసనను నమ్ముకోవద్దు. ఆయిలు రంగు, వాసన దాన్ని కప్పేస్తాయి. తేదీని నమ్మండి.

ఎంత కలపాలి? చాలా మిషన్లకు 1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు. కొన్నింటికి 40. మీ మిషను పుస్తకంలో చూడండి. నాలుగైదు రోజుల పనికి సరిపడా మాత్రమే కలపండి. ఆయిలు కొలవడానికి గుర్తులున్న వేరే గ్లాసు పెట్టుకోండి. దగ్గు మందు మూత వాడవద్దు. రేపు అదే మూత పిల్లవాడి నోటికి వెళ్తుంది. పోసే ముందు డబ్బాను బాగా ఊపండి. మిషను చల్లారాకే పోయండి.

నెలకు పైగా పని ఉండదంటే టాంకీ ఖాళీ చేయండి. తర్వాత మిషను దానంతట అది ఆగేదాకా తిప్పండి. పాత పెట్రోలును కాలవలోనో బావి దగ్గరో పారబోయవద్దు. పొయ్యి అంటించడానికి అసలే వాడవద్దు. మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

డబ్బా ఎక్కడ పెడుతున్నారు? చాలా ఇళ్లలో వంటింటి మూలనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ పొయ్యి దాకా పోతుంది. భగ్గున అంటుకుంటుంది. బయట, పిల్లలకు అందని చోట పెట్టండి. నీళ్ల సీసాలో, కూల్ డ్రింకు సీసాలో మాత్రం ఎప్పుడూ పోయవద్దు. దాహమైన పిల్లవాడు నీళ్లనుకుని తాగుతాడు. తాగితే వాంతి చేయించవద్దు. వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు నీళ్లు పట్టవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. సీసా కూడా ఆసుపత్రికి తీసుకుపోండి.

మిషను బాగు చేయించడానికి ఆ ముఠాకు చాలా డబ్బు ఖర్చయింది. వారం రోజుల కూలీ కూడా పోయింది. ఇప్పుడు మేస్త్రి భార్య డబ్బా మీద ఒక కాగితం అంటిస్తుంది. తనే రాస్తుంది. ఇలా రాస్తుంది:

కలిపిన తేదీ: జూలై 5
పెట్రోలు: 2 లీటర్లు
ఆయిలు: 40 మిల్లీలీటర్లు
ఆఖరి తేదీ: ఆగస్టు 4
తాగరాదు. నిప్పు దగ్గర పెట్టరాదు.

మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే మిషను మీ ఊళ్లో ఉన్నాయా? వాటిలో చాలావాటికి కూడా ఆయిలు కలిపిన పెట్రోలే పోస్తారు. అడిగి తెలుసుకోండి.

లెక్క చేయండి

లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున 3 లీటర్లకు ఎంత ఆయిలు కావాలి?

పైన రాసిన డబ్బాలో అర లీటరు మిగిలింది. ఈ రోజు ఆగస్టు 20. మిషనులో పోయవచ్చా?

ఈ రోజు తేదీ వేసి, మీ ఇంటి డబ్బాకు కాగితం మీరే రాయండి.