వెబ్‌సైటు విద్యలో తరువాతి భాష ఏది?

నిమ్మాడ, టెక్కలి, పలాస ప్రాంతముల యువకులలో హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. అనువానిని నేర్చి, ఇక ఏ భాష నేర్వవలెనని అడుగువారు కలరు. శిక్షణకు కట్టు రుసుము కొబ్బరి, జీడితోటల రాబడి నుండి రావలసినదే. అందుచే పంచాయతీ సభ్యులును ఈ విషయమును కొంత ఎరిగియుండుట మేలని మేము తలంచుచున్నాము.

హెచ్.టి.ఎం.ఎల్. పుటకు కట్టడమునిచ్చును, సి.ఎస్.ఎస్. దానికి అలంకారము చేయును. జీడిపిక్కల బరువును ధరతో గుణించి రైతునకు వచ్చు సొమ్ము చూపుమన్నచో ఈ రెండును చాలవు. ఆ పని జావాస్క్రిప్టుది. 1995లో బ్రెండన్ ఐక్ దీని తొలి రూపమును పది దినములలో సిద్ధపరచెను. చేతి ఫోనులోని బ్రౌజరు సైతము దీనిని నేరుగా గ్రహించును. వేరొక సాధనము కొననక్కరలేదు. కనుక తరువాత నేర్వవలసినది ఇదియే. జావా అను భాష వేరు. పేరు చూచి భ్రమపడరాదు.

అయితే ఫోనులోని లెక్క ఫోనుతోనే సరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడిచెట్లు విశేషముగా కూలినవి. అట్టి నష్టముల పట్టికను ఊరివారందరును చూచునట్లు ఉంచవలెనన్నచో, దూరముననున్న సర్వరులో భద్రపరచవలెను. దానికి పి.హెచ్.పి. కలదు, తెలుగు వికీపీడియాను నడపు మీడియావికీ ఆ భాషలోనే వ్రాయబడినది. పైథాను కలదు, అది గణాంకముల పనికిని అక్కరకు వచ్చును. 2009లో నోడ్ వెలువడినది మొదలు జావాస్క్రిప్టుతోనే సర్వరు పనియు సాగుచున్నది. వ్యవధియు ధనమును తక్కువైనవారు రెండవ భాషకై తొందరపడనక్కరలేదని మా అభిప్రాయము. పట్టికలను ప్రశ్నించు ఎస్.క్యు.ఎల్. మాత్రము విడువరాదు.

మరియొక సంగతి కలదు. దీనిని శిక్షణాలయములలో ఎందరు చెప్పుదురో! "నిమ్మాడ" అను పేరు మన కంటికి మూడక్షరములు. యూనికోడులో గుడి, పొల్లు, దీర్ఘము వేరువేరు సంకేతములగుటచే జావాస్క్రిప్టు దానిని 7గా లెక్కించును. పైథానుకును 7 యే. పి.హెచ్.పి.లోని స్ట్రలెన్ అను సాధనము బైట్లను లెక్కించి, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో 21 అని చెప్పును. అక్కడ ఎంబీ-స్ట్రలెన్‌ను వాడినచో 7 వచ్చును. ఊరి పేరునకు 20 బైట్ల చోటు మాత్రమే కేటాయించిన దరఖాస్తులో నిమ్మాడ పట్టదు, ఆంగ్లములో వ్రాసిన ఏడక్షరముల పేరు సులభముగా పట్టును. భాష ఏదైనను, తెలుగు పేళ్లను చెడకుండ నిలుపుట నేర్వనివాడు మన పంచాయతీకి పుట తయారుచేయజాలడు.

రుసుము కట్టుటకు ముందు, అచటి విద్యార్థి చేసిన పుట నొకదానిని ఫోనులో తెరచి చూపుమని అడుగవచ్చును. అందులో ఊరి పేరును తెలుగున వ్రాసి, భద్రపరచి, మరల తెరపించి, పేరు చెక్కుచెదరక ఉన్నదో లేదో చూడవలెను.