గ్రైండరు గార్డు తీసి పని చేయకండి

ట్రాక్టరు ఉన్న ఇళ్లలో ఇప్పుడు చేతి గ్రైండరు కూడా కనిపిస్తోంది. కల్టివేటరు ములుకులు సాన పట్టాలన్నా, తుప్పు పట్టి తిరగని బోల్టును కోయాలన్నా, ట్రాలీ డోరుకు యాంగిలు ముక్క కావాలన్నా కమ్మరి కొలిమి దగ్గర పూటంతా కూర్చోవలసిన పని లేదు. పావుగంటలో ఇంటి దగ్గరే అయిపోతోంది. అయితే నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. అంటే వీల్ అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుందన్నమాట. అది విరిగితే ముక్క మీదికి వచ్చేలోపు తప్పుకునే వ్యవధి ఉండదు.

వీల్ మీద అంకె చూడాలి

ప్రతి వీల్ మీద అది తట్టుకోగల గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె మిషన్ మీద ఉన్న వేగం కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ ఉండకూడదు. నాలుగంగుళాల వీల్ మీద సాధారణంగా 15 వేలకు పైగా ఉంటుంది. ఏడంగుళాల వీల్ మీద ఉండేది 8,500 మాత్రమే. పెద్ద వీల్ అయితే లోతుగా కోస్తుంది గదా అని కొందరు గార్డు పీకేసి, మధ్య రంధ్రంలో వాషరు పెట్టి చిన్న మిషన్‌కు ఏడంగుళాల వీల్ బిగిస్తున్నారు. 8,500కు తయారైన వీల్‌ను 11 వేలతో తిప్పితే అది పగలక ఏం చేస్తుంది? అసలు ఆ మిషన్‌కు గార్డు పట్టడం లేదంటేనే ఆ వీల్ దానిది కాదని అర్థం.

కోసే వీల్ పలచగా ఉంటుంది. దాన్ని అంచుతోనే వాడాలి. పక్కకు వాల్చి సాన పడితే విరుగుతుంది. సాన పట్టడానికి ఆరు మిల్లీమీటర్ల మందం వీల్ వేరే ఉంది. చెక్క కోసే పళ్ల చక్రాన్ని మాత్రం ఈ మిషన్‌కు ఎన్నడూ బిగించవద్దు. పన్ను చెక్కలో పట్టుకుందంటే మిషన్ చేతిలోంచి ఎగిరి తొడ మీదికో, మెడ మీదికో వస్తుంది.

వీల్ మధ్యనున్న లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది. గడువు దాటినవి, చెమ్మ తగిలినవి, కింద పడినవి పారేయండి. పోయేది కొద్దిపాటి డబ్బే. వీల్ మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి. కొత్తది బిగించాక మనిషి పక్కకు నిలబడి, ఒక నిమిషం ఉత్తినే తిప్పి చూడాలి.

కరెంటు పోయినప్పుడు

పల్లెల్లో ప్రత్యేకంగా చెప్పవలసింది ఇదే. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషన్ ఆగింది గదా అని స్విచ్చి ఆన్‌లోనే ఉంచి నేల మీద పెట్టి టీ తాగడానికి వెళ్తారు. కరెంటు రాగానే గ్రైండరు తనంతట తానే తిరిగి నేల మీద ఎగిరెగిరి పడుతుంది. పక్కన పిల్లలుంటే చెప్పేదేముంది! కరెంటు తిరిగొచ్చినా తిరగకుండా ఏర్పాటు ఉన్న మిషన్లు వస్తున్నాయి గానీ, మన దగ్గరున్నవి చాలావరకు అలాంటివి కావు. కరెంటు పోగానే ముందు స్విచ్చి కట్టేయాలి, ఆ వెంటనే ప్లగ్గు పీకాలి.

బావి దగ్గర మోటారు స్టార్టరు డబ్బాలోంచి వైర్లు తగిలించి గ్రైండరు నడిపే అలవాటు మరీ చెడ్డది. రెండు ఫేజులు తగిలితే 415 వోల్టులు వచ్చి మిషన్ కాలిపోతుంది. న్యూట్రల్ లేదని రెండో వైరును బోరు పైపుకు చుడితే ఆ పైపే షాకు కొట్టవచ్చు. మిషన్‌కు నష్టం లేకపోయినా, నీళ్లకు వచ్చి పైపు ముట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. ఇంటి ప్లగ్గు నుంచే కరెంటు తీసుకోండి. ఆ లైనుకు 30 మిల్లీయాంపుల లీకేజి బ్రేకరు పెట్టించండి. తడి నేల మీద నిలబడి పని చేయవద్దు.

పట్టుకునే తీరు

కోసే ఇనుమును బెంచీ వైసులో బిగించాలి. కాలితో తొక్కిపట్టి కోయకూడదు. తెగి పడే ముక్క కిందికి జారేలా ఉండాలి. రెండు పక్కలా దిమ్మెలు పెట్టి నడుమ కోస్తే, తెగేకొద్దీ గాడి మూసుకుని వీల్‌ను పట్టేస్తుంది. మిషన్ వెనక్కి తన్నేది అప్పుడే. రెండు చేతులతో పట్టుకోండి. గార్డు మీకూ వీల్‌కూ మధ్య ఉండాలి. మెడలో కండువా, వదులు చొక్కా చేతులు, వేలాడే లుంగీ అంచు పనికిరావు.

రోటవేటరు బ్లేడును ఒకేచోట ఆపి సాన పట్టకండి. ఇనుము నీలం రంగు తిరిగిందంటే గట్టిదనం పోయినట్లే, పదును నిలవదు.

నిప్పురవ్వలు చాలా దూరం పోతాయి. గడ్డివాము, పత్తి, డీజిలు దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. ఖాళీ డీజిలు పీపాను, పెట్రోలు పీపాను గ్రైండరుతో కోయవద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

కంటిలో రజను పడితే

మామూలు కళ్లజోడు చాలదు. పక్కలు కూడా మూసుకునే గాగుల్స్ పెట్టుకోవాలి. అయినా ఇనుప రజను పడితే కన్ను నలపవద్దు. పైపైన ఉన్న నలుసు శుభ్రమైన నీళ్లతో కడిగితే పోవచ్చు. పోకపోతే గుడ్డ కొసతోనో, అగ్గిపుల్లతోనో తీయించుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇనుప రవ్వ కనుగుడ్డులో ఉండిపోతే ఒకటి రెండు రోజుల్లోనే చుట్టూ తుప్పు మరక కడుతుంది. ముక్క లోపలికి గుచ్చుకుంటే పీకవద్దు, నీళ్లు కొట్టవద్దు. కంటికి తగలకుండా పైన కాగితం కప్పు బోర్లించి, కదలకుండా టేపు వేసి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.