అన్నీ ఒకే డబ్బాలో: ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ మంచీ చెడూ

మన తెలుగు శాఖకి ఈ ఏడాది ఒక కంప్యూటర్ కొంటారట. ఎలాంటిది కావాలో మీరే ఆలోచించి చెప్పండి అన్నారు మేడమ్. క్లాసులో సగానికి పైగా చేతులు ఆల్ ఇన్ వన్‌కే లేచాయి. ఎందుకని అడిగితే "చూడ్డానికి బాగుంటుంది కదా" అన్నారు. బాగుంటుంది, కాదనను. కానీ మళ్లీ ఎప్పుడు కొంటారో తెలియని వస్తువుకి అదొక్కటే చాలదు. అందుకే ఈ వ్యాసం.

మామూలు డెస్క్‌టాప్‌లో తెర వేరు, పక్కన పెట్టుకునే పెట్టె వేరు. (ఆ పెట్టెని షాపుల్లో కూడా సీపీయూ అనేస్తారు. నిజానికి సీపీయూ అంటే లోపలుండే చిప్పు మాత్రమే.) ఆల్ ఇన్ వన్‌లో ఆ పెట్టె ఉండదు. చిప్పు, మెమరీ, డిస్కు, స్పీకర్లు, కెమెరా అన్నీ తెర వెనకే ఇమిడిపోతాయి. మన వ్యాకరణం క్లాసు భాషలో చెప్పాలంటే, మామూలు డెస్క్‌టాప్ విగ్రహవాక్యం చెప్పడానికి వీలైన సమాసం. ఆల్ ఇన్ వన్ నిత్యసమాసం, విడదీద్దామంటే కుదరదు. దాని మంచీ చెడూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1977లో వచ్చిన కమడోర్ పెట్‌లో తెర, కీబోర్డు, చివరికి క్యాసెట్ రికార్డరు కూడా ఒకే ఒంట్లో ఉండేవి. 1984 నాటి మ్యాకింటాష్‌కి 9 అంగుళాల తెర. 1998లో యాపిల్ వాళ్లు ఐమ్యాక్ తెచ్చి, రంగు రంగుల ప్లాస్టిక్‌తో దీన్ని ఫ్యాషన్ చేశారు. మన ఇళ్లల్లో టూ ఇన్ వన్ ఉండేది గుర్తుందా, రేడియో, టేపు రికార్డరు కలిపి? మనం పుట్టకముందు మాట అనుకోండి, అమ్మని అడగండి. అందులో టేపు తిరగడం మానేసినా రేడియో మాత్రం పాడేది. ఆల్ ఇన్ వన్ అలా కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మంచి. మా ఇల్లు రెండు గదులది. అమ్మ తెలుగు, నాన్న కన్నడ. హాల్లో ఒక్క టేబులు, దాని మీదే నాన్న లెక్కలు, తమ్ముడి క్లాసులు, నా అసైన్‌మెంట్లు. అలాంటి చోటికి ఆల్ ఇన్ వన్ చక్కగా సరిపోతుంది. ఒక్క వైరు గోడకి పెడితే చాలు, వెనక తీగల పొద ఉండదు. కెమెరా, మైకు విడిగా కొనక్కర్లేదు. చాలా మోడళ్లలో ఉండేది ల్యాప్‌టాప్ రకం చిప్పే కాబట్టి కరెంటు తక్కువ తాగుతుంది, పోయినప్పుడు యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలబడుతుంది. అయితే చూడ్డానికి ల్యాప్‌టాప్‌లా పల్చగా ఉన్నా లోపల బ్యాటరీ సాధారణంగా ఉండదు. యూపీఎస్ లేకపోతే కరెంటుతో పాటే మీరు సేవ్ చేయని పేజీ కూడా పోతుంది.

ఇంకో మాట. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు నుంచి కన్నడకి మారచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు 'క' ఏ మీట మీద ఉందో కన్నడ 'క' కూడా దాని మీదే ఉంటుంది. మాలాంటి ఇంటికి ఇది వరమే. దీనికీ ఆల్ ఇన్ వన్‌కీ సంబంధం లేదులెండి, ఏ కంప్యూటర్లోనైనా ఉంటుంది. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

తెర పెద్దదైతే తెలుగు బాగా కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి. 1920 × 1080 చుక్కలున్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అంగుళానికి దాదాపు 141 చుక్కలు పడతాయి. అన్నే చుక్కలున్న 23.8 అంగుళాల తెరలో 93. అదే 27 అంగుళాలైతే 82. "లక్ష్మి", "రాష్ట్రం" లాంటి మాటల్లో ఒక ఒత్తుకి ఇంకో ఒత్తు తోడవుతుంది కదా, చిన్న అక్షరాల్లో అక్కడే అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ప్రూఫులు దిద్దే మనం అంగుళాలతో పాటు చుక్కలు కూడా అడగాలి.

ఇక అసలు చెడు. మా ఇంట్లో ఉన్నది నాలుగో ఏడు ఆగిపోయింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు రావడం లేదన్నారు. తెరకి మాత్రం ఏమీ కాలేదు, ఒక్క గీత కూడా లేదు. పోనీ ల్యాప్‌టాప్‌కి తగిలించి వాడుకుందామంటే అదీ కుదరలేదు. వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది, కానీ అది బొమ్మని బయటికి పంపేది, లోపలికి తీసుకునేది కాదు. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. 'హెచ్‌డీఎంఐ ఇన్' ఉన్న మోడళ్లు తక్కువ. 2009 నుంచి 2014 దాకా వచ్చిన కొన్ని ఐమ్యాక్‌లని మానిటర్‌గా వాడుకునే వీలుండేది, 2014 చివర్లో వచ్చిన 5కె మోడల్ నుంచి తీసేశారు. 2021 ఐమ్యాక్ మందం 11.5 మిల్లీమీటర్లే. అందులో మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది, కొన్న రోజు ఎంతుందో చివరిదాకా అంతే.

మన సిటీ మార్కెట్ దగ్గర ఎస్పీ రోడ్డుకి వెళ్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు డెస్క్‌టాప్‌కి ర్యామ్ పోతే ర్యామ్, పవర్ సప్లై పోతే అదొక్కటే కొనుక్కుని రావచ్చు. చాలావాటికి ఏ కంపెనీదైనా సరిపోతుంది. ఆల్ ఇన్ వన్ బోర్డు ఆ మోడల్ ఒంటికి తగ్గట్టు కోసిన జాకెట్టు లాంటిది, ఇంకొకరిది పట్టదు. ర్యామ్, డిస్కు మార్చుకోగల మోడళ్లు ఉన్నాయి, కానీ కొన్నిటికి తెర ఊడదీస్తే గానీ లోపలికి చెయ్యి పోదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నాలుగైదేళ్లు వాడి మార్చేద్దాం అనుకునే చిన్న ఇంటికి ఆల్ ఇన్ వన్ ఓకే. శాఖకి వద్దు. మన గదిలో బీరువా ఎన్నేళ్లదో మీకు తెలుసు, కంప్యూటర్ కూడా అన్నేళ్లు ఉంటుంది. మినీ పీసీ అని టిఫిన్ డబ్బా అంత ఉండేది దొరుకుతుంది. మానిటర్ వెనక వీసా రంధ్రాలుంటే (100 × 100 మిల్లీమీటర్ల కొలత మామూలుగా వస్తుంది) దాన్ని అక్కడే బిగించేయచ్చు. ముందు నుంచి చూస్తే అచ్చం ఆల్ ఇన్ వనే! డబ్బా పోతే డబ్బా మారుతుంది, తెర ఉంటుంది. కెమెరా విడిగా కొనాలి, ప్లగ్గులు రెండు కావాలి. మన గదిలో ఖాళీగా ఉన్నది ఒక్కటే కాబట్టి యూపీఎస్ కూడా లెక్కలో వేయమని మేడమ్‌ని అడగాలి.

ఇంకోలా అనుకునే అక్కలూ చెల్లెళ్లూ శుక్రవారం లోపు మీ మాట రాయండి. ఈ కాగితం కింద జాగా వదిలాను.