మందుకు లొంగని వైరస్

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారిపై సూర్యాపేటకు, కోదాడకు నడుమ మునగాల ఉన్నది. ఆంగ్లేయుల కాలంలో ఇది కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. అయితే దాని చుట్టూ ఉన్నది నిజాం రాజ్యమే. నీటి నడుమ కాకపోయినా, నేల నడుమ అది ఒక ద్వీపం. పాలకులు గీచిన ఎల్లలు వ్యాధులను ఆపలేవు. నేడు ఆ దారిన రాత్రింబవళ్లు సాగే ప్రయాణికులతోపాటు ఇన్‌ఫ్లూయెంజా వైరస్ కూడా ఊరూరికీ చేరగలదు.

2009 మే నెలలో మన దేశపు తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులోనే నిర్ధారణ అయింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించింది. నాడు వైద్యుల చేతిలోని ప్రధాన ఔషధం ఒసెల్టామివిర్. ‘టామిఫ్లూ’గా ప్రసిద్ధమైన ఈ మందును హైదరాబాదుకు చెందిన హెటిరో సంస్థ కూడా తయారుచేసింది.

వైరస్ మన కణంలో చేరి తన ప్రతులను పెంచుకుంటుంది. ఆ కొత్త వైరస్‌లు కణాన్ని విడిచిపోవాలంటే న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ వాటి బంధాన్ని తెంచాలి. ఒసెల్టామివిర్ ఆ ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. అయితే ప్రతులు ఏర్పడేటప్పుడు మార్పులు జరుగుతుంటాయి. ఎంజైమ్‌లోని 275వ స్థానంలో హిస్టిడిన్‌కు బదులు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం చేరితే మందు అక్కడ సరిగా ఇమడదు. వైరస్ ఇలా మందుకు లొంగకపోవడమే ఔషధ నిరోధకత.

ఈ మందును ఎక్కువగా వాడినచోటనే నిరోధకత కనిపిస్తుందని భావించేవారు. 2008 జనవరిలో ఆ భావన చెదిరింది. మందు వాడకం అతి స్వల్పమైన నార్వేలో నిరోధక హెచ్1ఎన్1 వైరస్ విరివిగా బయటపడింది. మరుసటి ఏడాదికి ఆ పాత రకం దాదాపు ప్రపంచమంతటా మందుకు లొంగకుండా పోయింది. 2009లో వచ్చిన కొత్త రకం, అదృష్టవశాత్తు, ఈ మందుకు లొంగేదే. కాని 2011లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ ప్రాంతంలో ఆ కొత్త రకంలోనూ నిరోధక వైరస్ మందు వాడనివారి మధ్య వ్యాపించింది.

దీనిని కనిపెట్టే మార్గం నిరంతర నిఘా. రోగి ముక్కు, గొంతుల నుండి తీసిన నమూనాను ప్రయోగశాలలో రెండు విధాల పరీక్షిస్తారు. జన్యుక్రమంలో మార్పు ఉన్నదా అని చూడడం ఒక విధం. ఎంజైమ్ పనిని సగానికి తగ్గించడానికి ఎంత మందు కావాలో కొలవడం రెండవది. 1952 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇన్‌ఫ్లూయెంజా నిఘా వ్యవస్థను నడుపుతున్నది. మన దేశంలో పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ అందులో భాగస్వామి.

ఈ వ్యవస్థకు కన్నులు నమూనాలే. నమూనా పంపని ఊరు పట్టికలో వ్యాధి లేని ఊరివలె కనిపిస్తుంది. అక్కడ మందు పనిచేయడం మానినా, ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలు. కనుక మహానగరాలతోపాటు చిన్న ఊళ్ల నుండి కూడా నమూనాలు చేరాలి. వైద్యుని సలహా లేకుండా ఈ మందును వాడరాదు. చెప్పిన మోతాదును నడుమ మానరాదు. ఔషధం కనుగొనడం శాస్త్రజ్ఞుల విజయం. దాని శక్తిని కాపాడుకోవడం సమాజం బాధ్యత.

ప్రశ్నలు
1. ఔషధ నిరోధకత అనగానేమి?
2. నార్వే అనుభవం ఏ భావనను చెదరగొట్టింది?
3. చిన్న ఊళ్ల నుండి నమూనాలు సేకరించవలసిన అవసరాన్ని వివరించండి.