స్కానింగ్ ఎప్పుడు, ఎందుకు

చి. మేనకోడలికి,

అల్ట్రాసౌండ్ స్కానింగ్ కడుపుతో ఉన్నవాళ్లకే అన్న అభిప్రాయం మన ఇళ్లలో గట్టిగా నాటుకుపోయింది. అది సరికాదు. గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో లాన్సెట్ పత్రికలో వివరించిన రోగుల్లో ఒకామెకు నయం కాని కడుపు క్యాన్సర్ అని అప్పటికే తేల్చేశారు. స్కానింగ్‌లో అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటితిత్తి అని తెలిసింది. ఆపరేషన్ చేసి తీసేశాక ఆమె కోలుకుంది. స్త్రీవైద్యంలో ఈ పరీక్ష విలువను లోకానికి చూపిన తొలి కేసుల్లో అదొకటి.

నెలసరి రెండు మూడు నెలలు రాకపోవడం, విపరీతమైన రక్తస్రావం, మంచం పట్టించే నొప్పి ఉన్నప్పుడు స్కానింగ్ చేయించడానికి పెళ్లి అయిందా లేదా అన్న లెక్క అనవసరం. పెళ్లికాని పిల్లకు స్కానింగేమిటని పెద్దవాళ్లు సంకోచించడం వల్ల కూడా ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గడ్డలు), చాక్లెట్ సిస్టులు (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తులు) ఏళ్ల తరబడి బయటపడవు. ఈ పరీక్షలో రేడియేషన్ లేదు. నీళ్లు బాగా తాగి, మూత్రాశయం నిండాక పొట్టపై నుంచే తీస్తారు. యోని లోపలి నుంచి తీసే టీవీఎస్‌లో చిత్రం ఇంకా స్పష్టంగా వస్తుంది. అది పరీక్ష చేయించుకునే అమ్మాయి సమ్మతిస్తేనే చేయాలి.

రిపోర్టులో ‘పీసీఓడీ’ (అండాశయాల్లో చిన్న తిత్తులు ఎక్కువగా కనిపించే హార్మోన్ల సమస్య) అన్న మాట చూసి బెంబేలెత్తనక్కర్లేదు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా ఉండడం, అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికల్స్ (అండం పెరిగే తిత్తులు) చాలా కనిపించడం: ఈ మూడింటిలో రెండైనా ఉండి, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేలాకే నిర్ధారిస్తారు. రజస్వల అయిన 8 ఏళ్ల లోపు అమ్మాయిల్లో ఫాలికల్స్ అలా ఎక్కువగా కనిపించడం మామూలే గనుక, 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ వయసులో ఈ నిర్ధారణకు స్కానింగ్ వద్దన్నాయి.

పిల్లల కోసం ఏడాదిగా ప్రయత్నిస్తున్నా ఫలితం లేకపోతే పరీక్షలు మొదలుపెట్టాలి. 35 దాటితే ఆరు నెలలే గడువు. నెలసరి రెండు మూడో రోజు స్కానింగ్‌లో అండాల నిల్వపై అంచనా దొరుకుతుంది. ఫాలిక్యులర్ స్టడీలో అండం ఎదుగుదలను రోజు విడిచి రోజు చూస్తారు. సాధారణంగా ఫాలికల్ 18 నుంచి 22 మిల్లీమీటర్లకు చేరాక పగిలి అండం విడుదలవుతుంది. మామూలు స్కానింగ్ అండవాహికలు (ట్యూబులు) తెరుచుకున్నాయో మూసుకున్నాయో చెప్పదు, దానికి హెచ్‌ఎస్‌జీ (ట్యూబుల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) వంటి పరీక్ష వేరే ఉంది. పైపైన ఉండే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) కూడా మామూలు స్కానింగ్‌కు చిక్కకపోవచ్చు. రిపోర్టు నార్మల్‌గా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. భర్తకు వీర్య పరీక్ష చేయించకుండా భార్యకే స్కానింగ్ మీద స్కానింగ్ తీయించడం అన్యాయం.

గర్భం నిలిచాక ఆరేడు వారాలకు తీసే స్కానింగ్‌లో బిడ్డ గర్భసంచిలోనే ఉందా, గుండె కొట్టుకుంటోందా తెలుస్తుంది. గర్భం ట్యూబులో ఉంటే అది పగిలి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, కడుపు నొప్పి, రక్తస్రావం ఉంటే అంతవరకూ కూడా ఆగకూడదు. బిడ్డ ఆడో మగో చెప్పడం మాత్రం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరినీ అడగనివ్వకూడదు.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు ప్రభుత్వ బోధనాసుపత్రులున్నాయి. స్కానింగ్‌కు వెళ్లేటప్పుడు చివరి నెలసరి తేదీ, పాత రిపోర్టులు వెంట ఉండాలి.

ఆశీస్సులతో,
మేనత్త