బొమ్మల చిత్రములకు ధ్వని సంధానము

బొమ్మల చిత్రములకు ధ్వనిని తొలుత జతపఱచినవాఁడు వాల్ట్ డిస్నీ యని పలువురు తలంతురు గాని, ఫిల్ముపైననే ధ్వనిని ముద్రించు లీ డి ఫారెస్టుగారి ఫోనోఫిల్ము పద్ధతి నాశ్రయించి, న్యూయార్కునందలి ఫ్లైషర్ సోదరులు 1924 నుండియే, పదములపై గంతులిడు బంతిని చూచుచు ప్రేక్షకులు గొంతు కలిపి పాడఁదగిన గీతచిత్రములను నిర్మించుచుండిరి. 1928లో పాల్ టెర్రీగారి ధ్వనిసహిత బొమ్మల చిత్రము ‘డిన్నర్ టైమ్’ వెలువడెను. అయినను అదే సంవత్సరము నవంబరు 18న న్యూయార్కు కాలనీ థియేటరులో ప్రదర్శితమైన డిస్నీగారి ‘స్టీమ్‌బోట్ విల్లీ’కే శాశ్వతకీర్తి దక్కుటకు ముఖ్యకారణము, నిస్సంశయముగా, దాని లయశుద్ధి: డిస్నీ చిత్రశాలలోని విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోము సాయమున, సెకనుకు 24 ఫ్రేముల వేగమును సంగీతతాళముతో ముందుగానే ముడివేసెను; మొదటి ధ్వనిముద్రణము విఫలము కాఁగా, తాళగతిని సూచించు బంతిని చిత్రమునందే చేర్చి, వాద్యబృందము దాని ననుసరించి వాయించునట్లు చేసి, రెండవమారు డిస్నీ కృతార్థుఁడయ్యెను.